తారాడే వెలుగు

వేదిక మీది పెద్దలకూ, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే ఎవరో ఒకరిని మరిచిపోతాను, వారు ఏడాదిపాటు నాతో మాట్లాడరు. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

నన్ను అనువాద సమస్యల మీద మాట్లాడమన్నారు. కాగితం రాసుకునే వచ్చాను, జేబులో ఉంది. కానీ ఇందాక మెట్ల దగ్గర ఒక కుర్రాడు ఆపి, “సార్, ఇంగ్లీషులో లాంబెంట్ అంటే ప్రకాశవంతమైన అని రాసుకోవచ్చా?” అని అడిగాడు. అంతే, ఆ కాగితం ఇక బయటికి రాదు. ఈ మాటతో నాకు 30 ఏళ్ల లెక్క ఉంది.

నేను చదువుకునే రోజుల్లో నా దగ్గరున్న చిన్న నిఘంటువులో రిఫల్జెంట్‌కీ, లూసెంట్‌కీ, లాంబెంట్‌కీ అన్నిటికీ ఒకటే అర్థం: ప్రకాశవంతమైన. మనదేమైనా వెలుగు మాటలకు కరువొచ్చిన భాషా? తోమిన గిన్నె తళతళ. నూనె రాసిన జుట్టు నిగనిగ. నిప్పు కణకణ. చుక్క మిణుకుమిణుకు. కిరీటం ధగధగ. ఒకదాని చోట ఇంకోటి పెట్టండి చూద్దాం. ‘చుక్కలు నిగనిగలాడాయి’ అంటే పసిపిల్లలు కూడా నవ్వుతారు. ఇంగ్లీషువాళ్లకూ అంతే పట్టింపు ఉంది. 1838లో అమెరికా రచయిత ఎమర్సన్ హార్వర్డ్‌లో ప్రసంగం మొదలుపెడుతూ ఆ వేసవిని రిఫల్జెంట్ అన్నాడు. అది నిండుగా కాసే ఎండ. దాన్ని లాంబెంట్ అంటే ఎండ కాస్తా గుడ్డిదీపమైపోతుంది.

సరే, లాంబెంట్ దగ్గరికి వద్దాం. లాంప్‌తో దీనికి చుట్టరికం లేదు, చాలామంది ఉందనుకుంటారు. లాంప్‌ది గ్రీకు మూలం. ఇది లాటిన్‌లో నాకడం అనే క్రియలోంచి పుట్టి, 17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లీషులోకి వచ్చింది. అవునండీ, నాలుకతో నాకడమే. నిప్పుకు నాలుకలుండటం మనకూ కొత్త కాదు. అగ్నిని సప్తజిహ్వుడు అన్నాం, ముండకోపనిషత్తు ఆ ఏడు నాలుకలకూ పేర్లు పెట్టింది. కానీ గీతలో విశ్వరూపం మంటలు కక్కే నోళ్లతో లోకాలను మింగుతూ నాలుకలు చప్పరిస్తుంది. అది ఆకలి. లాటిన్ మాటలోది ఆవు దూడను నాకే నాలుక. తగులుతుంది, కాల్చదు. అలా మీద మీదే మెత్తగా ఆడే వెలుగు లాంబెంట్.

ఈ వెలుగును నేనొకసారి కళ్లారా చూశాను. ఇంటర్ ల్యాబ్‌లో మా బెంచీ వాడి మోచెయ్యి తగిలి స్పిరిట్ దీపం బోర్లాపడింది. వానకాలం సాయంత్రం, గదిలో వెలుగు తక్కువ. నల్లరాతి బల్ల మీద స్పిరిట్ ఎంతవరకు పారిందో అంతవరకూ నీలంమంట పరుచుకుంది. బల్ల అంచుదాకా వెళ్లింది, అక్కడ కాసేపు ఊగింది, వెనక్కి వచ్చింది, ఒక మూల ఆరి ఇంకో మూల లేచింది. చప్పుడు లేదు, పొగ లేదు. మేము అరుస్తూనే ఉన్నాం, అది తన పాటికి తాను ఆరిపోయింది. చెయ్యి పెట్టి చూస్తే రాయి గోరువెచ్చగా ఉంది, అంతే. మచ్చ కూడా పడలేదు. మాస్టారు మా వీపులు మాత్రం వాయించారు, అది వేరే సంగతి.

ఇప్పుడు లాటిన్ కవి వర్జిల్ రాసిన ఈనియిడ్ కావ్యం. ట్రాయ్ నగరం తగలబడుతోంది. కథానాయకుడు ఈనియస్ ముసలి తండ్రి ఆంకైసీస్ ఇల్లు వదిలి రానని మొండికేశాడు. అంతలో మనవడు యూలస్ నెత్తిన చిన్న మంట లేచి, జుట్టును నాకుతూ కణతల దాకా పాకింది. తల్లిదండ్రులు హడలిపోయి నీళ్లకు పరిగెత్తారు. తాతకు మాత్రం సంతోషం, ఇది దైవసంకేతమని. పైన ఊరంతా తగలబెట్టే మంట, కింద ఒక పసివాడి వెంట్రుక కూడా కాలని మంట. రెండూ ఒకే రాత్రి! ఇక్కడ ‘ప్రకాశవంతమైన మంట’ అని రాస్తే ఏం మిగిలిందండీ?

ఈ కావ్యాన్ని డ్రైడెన్ అనే ఇంగ్లండు కవి 1697లో ఇంగ్లీషు చేస్తూ ఇక్కడ లాంబెంట్ వాడాడు. తమాషా ఏమిటంటే దానికి 15 ఏళ్ల ముందే, 1682లో అచ్చయిన మాక్ ఫ్లెక్నో అనే వెక్కిరింత కావ్యంలో, అదే మాటతో షాడ్‌వెల్ అనే తోటి నాటకకర్త పరువు తీశాడు. తెలివితక్కువ రాజ్యానికి అతన్ని వారసుణ్ణి చేసి, యూలస్ తల చుట్టూ మంట ఆడినట్టు ఇతని మొహం చుట్టూ మొద్దుతనాన్ని ఆడించాడు. విశేషణం అదే, ‘మంట’ తీసి ‘మొద్దుతనం’ పెట్టాడంతే. తిట్టు తిట్టులా లేదు, పట్టాభిషేకంలా ఉంది!

నా లెక్క ఈ వాక్యంతోనే. కుర్రతనంలో దీన్ని అనువదించి ఒక పత్రికకు పంపాను. ‘మొహాన్ని నాకే మొద్దుతనం’ అని రాశాను. సంపాదకుడు “మొద్దుతనం నాకడమేమిటి, కుక్కపిల్లా?” అని కొట్టేసి ‘ప్రకాశవంతమైన మొద్దుతనం’ అని వేశాడు. ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు: మొద్దుతనం ప్రకాశించడం అనువాదకుణ్ణి చూశాకే తెలిసిందని. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. చాలా ఏళ్లు ఆ సంపాదకుణ్ణి తిట్టుకున్నాను. నిజం చెప్పాలంటే సగం తప్పు నాదే. తెలుగులో నాకితే తడి అంటుతుంది, వెలుగు అంటదు.

మాట చివరికి ఎక్కడ దొరికిందో తెలుసా? రైల్లో ఎవరో వదిలేసిన వారపత్రికలో, ఒక సీరియల్లో. ‘ఆమె పెదవుల మీద చిరునవ్వు తారాడింది.’ వెయ్యిసార్లు చదివి ముక్కు చిట్లించుకున్న వాక్యం. ఆ రోజు మాత్రం లేచి నిలబడ్డాను. తారాడటం! నిలవదు, కాల్చదు, అంటీ అంటకుండా మీద మీదే తిరుగుతుంది. బల్ల మీది నీలంమంట తారాడింది. యూలస్ నెత్తిన మంట తారాడింది. ఇంగ్లీషువాళ్లు నొప్పించకుండా మెరిసే హాస్యాన్ని కూడా లాంబెంట్ అంటారు. అదీ మాటల మధ్య తారాడేదే. ఇక షాడ్‌వెల్ గారి మొహమంతా మొద్దుతనం తారాడింది. నవ్వుకు వాడే క్రియ మొద్దుతనానికి తగిలించేసరికి డ్రైడెన్ కొంటెతనం కూడా దిగింది. నేను వెక్కిరించిన సీరియల్ రచయితకు ఈ సభాముఖంగా క్షమాపణ.

బాబూ, మెట్ల దగ్గర అడిగావే, నువ్వు ఎక్కడ కూర్చున్నావు? రాసుకున్నావా?

అధ్యక్షులవారు రెండోసారి గడియారం చూస్తున్నారు. వారి పెదవుల మీద ఏం తారాడుతోందో ఇక్కడి నుంచి నాకు సరిగా కనబడటం లేదు. సెలవు.