బ్రష్ చేస్తే రక్తమొస్తోందా? పర్లాకిమిడి పళ్ళ డాక్టరమ్మతో కబుర్లు

హోస్ట్: అందరికీ నమస్తే, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాం, ఫ్యాన్ సౌండ్ వస్తాది ఏమనుకోకండి, ఆపితే ఉడికిపోతాం. ఇవాళ మనతో పళ్ళ డాక్టరు మేడమ్ ఉన్నారు, ఇటు కాశీనగర్ నుంచీ అటు పాతపట్నం నుంచీ కూడా ఈవిడ దగ్గరికి జనం వస్తారు. మేడమ్, డైరెక్టుగా అడిగేస్తాను, పొద్దున్న బ్రష్ చేసి ఉమ్మితే ఎర్రగా కనిపిస్తాది, అదంత పెద్ద విషయమేటి? బ్రష్ గట్టిగా తగిలుంటాదిలే అనుకుంటాం కదా.

డాక్టర్: పెద్ద విషయమే బాబూ. బాగున్న చిగురుకి మామూలుగా బ్రష్ చేస్తే రక్తం రాదు. పన్నూ చిగురూ కలిసేచోట పాచి ఉండిపోతే అందులో బ్యాక్టీరియా వల్ల చిగురు వాచిపోతాది, ఎర్రగా ఉబ్బుతాది, ముట్టుకుంటే రక్తం. అప్పుడు మనోళ్ళు చేసే పనేటంటే రక్తమొస్తోందని ఆ పక్క బ్రష్ పెట్టడమే మానేస్తారు, ఇంకేముంది, పాచి మరీ పేరుకుంటాది. మెత్తటి బ్రష్షుతో సరిగ్గా అక్కడే నెమ్మదిగా తోమాలి. మొదట కొంచెం రక్తం వస్తాది, వారం పదిరోజుల్లో తగ్గాలి. తగ్గలేదంటే చూపించుకోవాలి.

హోస్ట్: నొప్పి లేదు కదా మేడమ్, అందుకే రారు.

డాక్టర్: అదే కదా దీంతో వచ్చిన చిక్కు. పిప్పి పన్నయితే అర్ధరాత్రి లేపి కూర్చోబెడతాది, ఇది ఏళ్ళ తరబడి కిమ్మనదు. పాచి గట్టిపడి గార అవుతాది, గార వచ్చేశాక బ్రష్షుతో పోదు, ఎంత రుద్దినా పోదు. చిగురు పంటిని వదిలేసి కిందికి జారుతాది, మధ్యలో సందు పడతాది, మేం సన్నటి కొలత పుల్ల పెట్టి చూస్తాం, 1 నుంచి 3 మిల్లీమీటర్లుంటే పర్లేదు, అంతకంటే లోతుగా ఉండి ఎక్స్‌రేలో ఎముక తగ్గినట్టు కనిపిస్తే జబ్బు లోపలికి వెళ్ళిపోయినట్టే. వాపు దశలో పట్టుకుంటే చిగురు పూర్తిగా మామూలైపోతాది. ఎముక కరిగితే మాత్రం చాలావరకు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమే. జనం ఎప్పుడొస్తారంటే ముందు పళ్ళు ఊగి, సందులు పడి, చిగురు నొక్కితే చీము వచ్చినప్పుడు.

హోస్ట్: మా వీధిలో ముసలమ్మలందరూ పళ్ళకి గుడాకు పెడతారు, చిగుళ్ళు గట్టిపడతాయంట.

డాక్టర్: (నవ్వు) గుడాకు గురించి అడక్కుండా వదలవని తెలుసు. పొగాకు, బెల్లం మడ్డి కలిపి చేసిందే కదా అది. పెట్టినోళ్ళకి హాయిగా ఉంటాది, నికోటిన్ మహిమ. పెట్టకపోతే పొద్దున్న బయటికి కూడా అవ్వదమ్మా అంటారు, అంటే అలవాటు ఎంత దూరం పోయిందో చూడు. పొగాకు వల్ల చిగుళ్ళలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తం కారడం తగ్గుతాది, మనం చిగురు గట్టిపడిందనుకుంటాం, లోపల ఎముక మాత్రం కరిగిపోతానే ఉంటాది. చుట్టకీ ఖైనీకీ ఇదే లెక్క. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపకూడదని మన దేశంలో 1992లోనే నిషేధం పెట్టారు, అయినా గుడాకు డబ్బా కిళ్ళీ కొట్లో దొరుకుతానే ఉంది. ఒకేసారి ఒగ్గేయమంటే మా పేషెంట్లు నా దగ్గరికే రావడం ఒగ్గేస్తారు, అందుకని ముందు రాత్రిపూటది మానిపిస్తాను.

హోస్ట్: వేప పుల్ల?

డాక్టర్: వేప పుల్లతో నాకు గొడవ లేదు, చివర బాగా నమిలి మెత్తగా చేసి వాడితే. బొగ్గు, ఇటుకపొడి మాత్రం వద్దు, పన్ను అరిగిపోతాది. పుల్లయినా బ్రష్షయినా పంటి సందుల్లోకి వెళ్ళదు, జబ్బు మొదలయ్యేది ఎక్కువ అక్కడే, దానికి పళ్ళ దారం, అదే ఫ్లాస్, గానీ సందుల బ్రష్ గానీ వాడాలి. ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా, రెండేసి నిమిషాలు, రాత్రిది అస్సలు మానకూడదు.

హోస్ట్: క్లీనింగ్ చేయిస్తే పళ్ళు ఊగుతాయని భయం మేడమ్, మా నాన్నా అదే అంటారు.

డాక్టర్: గార ఎన్నేళ్ళ నుంచో పళ్ళ మధ్య సిమెంటులా పట్టుకుని ఉంటాది, అది తీశాక సందు బయటపడతాది, అప్పటికే వదులైన పన్ను వదులని తెలుస్తాది, వాపు తగ్గి పళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి, కొన్నాళ్ళు చల్లనీళ్ళు జివ్వుమంటాయి, నింద మాత్రం మా మెషీన్ మీద. లోతుగా ఉంటే మత్తు ఇచ్చి చిగురు కింద వేర్ల దాకా శుభ్రం చేస్తాం, ఇంకా తగ్గకపోతే చిన్న ఆపరేషను. ఒట్టి యాంటీబయాటిక్ మింగితే గార కరగదు, మందుల షాపులో కొనుక్కుని వేసుకోవడం దండగ. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలించే మందు కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళే, నెలలు వాడితే పళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి.

హోస్ట్: షుగరున్నోళ్ళకి ఎక్కువంటారు?

డాక్టర్: అటూ ఇటూ రెండూ నిజమే. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగరు అదుపులోకి రావడం కష్టం, చిగుళ్ళకి వైద్యం చేస్తే మూడు నెలల సగటు చెప్పే షుగరు పరీక్షలో కొంచెం తగ్గుదల కూడా కనిపిస్తాది. ఇంకోటి, బీపీకి అమ్లోడిపిన్ వాడేవాళ్ళలో కొందరికి చిగురు పెరిగి పళ్ళ మీదికి వచ్చేస్తాది. అలాగని బిళ్ళ సొంతంగా ఆపేయకండి, బీపీ డాక్టరుకి చెప్పండి, వేరే మందు మారుస్తారు.

హోస్ట్: ఆఖరుగా, ఒక చెల్లెమ్మ గారబంద నుంచి వాయిస్ పంపింది, ఐదో నెలంట, చిగుళ్ళు వాచి రక్తమొస్తున్నాయి, డెలివరీ అయ్యేదాకా ఆగమంటోందంట అత్తగారు.

డాక్టర్: ఎందుకాగడం? కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల చిగుళ్ళు తొందరగా వాస్తాయి, నాలుగు, ఐదు, ఆరు నెలల్లో క్లీనింగ్ చేయించుకోడానికి వీలుగా ఉంటాది కూడా. వాడుతున్న మందుల చీటీ పట్టుకుని అత్తగారినీ తీసుకుని రమ్మను, ఆవిడ నోరు కూడా చూసేస్తాను.