నాజీ డాక్టరుకు ఏ కార్డు కొనాలి?

అందరికీ నమస్కారం. క్షమాగుణం గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే కొందరికి టెన్షన్ మొదలవుతుంది, ఇప్పుడీయన పెద్దమనసు చేసుకోమని మన ప్రాణం తీస్తాడని. నేనా పని చెయ్యను. దెబ్బ తిన్నవాళ్లనే పట్టుకుని పెద్దమనసు చేసుకోమని ఎందుకంటారో నాకెప్పుడూ అంతుపట్టలేదు. ఒక మనిషి కథ చెబుతాను, అంతే.

ఆవిడ పేరు ఈవా మోజెస్ కోర్. 1934లో రుమేనియాలోని ఒక చిన్న పల్లెలో పుట్టింది. 1944 మే నెలలో ఆ యూదు కుటుంబాన్ని, హిట్లర్ నాజీలు పోలండ్‌లో నడిపిన ఆష్‌విట్జ్ మరణ క్యాంపుకు తరలించారు. రైలు దిగిన కాసేపటికే అమ్మ, నాన్న, ఇద్దరక్కలు కనబడకుండా పోయారు. మళ్లీ ఎప్పుడూ కనబడలేదు. ఈవా, మిరియమ్ కవలలు. అక్కడి నాజీ డాక్టరు జోసెఫ్ మెంగెలేకు ప్రయోగాల కోసం కవలలు కావాలి. వాళ్లిద్దరూ మిగిలింది అందుకే. అప్పటికి వాళ్లకు పదేళ్లు.

ఒక చేతి నుంచి రక్తం తీసేవాళ్లు, రెండో చేతికి ఏవో ఇంజెక్షన్లు పొడిచేవాళ్లు. ఒకసారి ఇంజెక్షన్ తర్వాత ఈవాకు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. మెంగెలే జ్వరం చార్టు చూసి, ఈ పిల్ల ఇంకో రెండు వారాలే అని నవ్వాడని ఆవిడ తర్వాత చెప్పింది. రాత్రిళ్లు నేల మీద పాక్కుంటూ గది అవతలి కొసన ఉన్న కుళాయి దాకా వెళ్లి నీళ్లు తాగేదట. తాను చస్తే మిరియమ్‌ను కూడా చంపి, రెండు శవాలనూ కోసి పోల్చి చూస్తారు. అందుకని బతికింది. 1945 జనవరి 27న సోవియట్ సైన్యం వచ్చేదాకా ఇద్దరూ బతికే ఉన్నారు.

కానీ ఆ ఇంజెక్షన్లు అక్కడితో వదల్లేదు. మిరియమ్ కిడ్నీలు పదేళ్ల పిల్ల కిడ్నీల్లాగే ఉండిపోయాయి. 1987లో ఈవా తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. అయినా 1993లో మిరియమ్ క్యాన్సర్‌తో పోయింది. ఏం ఎక్కించారో తెలిస్తే వైద్యానికి పనికొస్తుందని అక్కాచెల్లెళ్లు ఆ ప్రయోగాల ఫైళ్ల కోసం ఏళ్ల తరబడి వెతికారు. దొరకలేదు.

ఇక్కడే కథ అనుకోని మలుపు తిరుగుతుంది. బోస్టన్‌లో ప్రసంగానికి ఈవాను పిలిచినవాళ్లు, వస్తూ వస్తూ ఒక నాజీ డాక్టరును కూడా తీసుకురాగలరా అని అడిగారు! అదేం కోరికో మరి. ఈవాకు గతంలో ఒక జర్మన్ డాక్యుమెంటరీలో కనబడిన హన్స్ మ్యూంక్ గుర్తొచ్చాడు. ఆష్‌విట్జ్‌లో పనిచేసిన ఎస్ఎస్ (హిట్లర్ ప్రత్యేక దళం) డాక్టరు, 1947లో పోలండ్‌లోని క్రాకోవ్‌లో జరిగిన విచారణలో నిర్దోషిగా బయటపడినవాడు. 1993 ఆగస్టులో ఆవిడే జర్మనీ వెళ్లి అతన్ని కలిసింది.

మెంగెలే ప్రయోగాల సంగతి తనకు తెలియదన్నాడు. జనాన్ని విషవాయువుతో చంపిన గ్యాస్ ఛాంబర్ల సంగతి అడిగితే మాత్రం, ఆ పీడకల రోజూ వెంటాడుతోందంటూ లోపల ఏం జరిగేదో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆష్‌విట్జ్‌కే వచ్చి, ఇదంతా నిజమేనని సంతకం పెడతారా అని ఈవా అడిగింది. ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆవిడకు కొత్త చిక్కు వచ్చిపడింది. ఇతనికి థాంక్స్ ఎలా చెప్పాలి? షాపుకెళ్లి గ్రీటింగ్ కార్డులు తిరగేసింది. నాజీ డాక్టరుకు పనికొచ్చే కార్డు ఏ కంపెనీ అచ్చు వేస్తుంది చెప్పండి! నెలల తరబడి ఆలోచించాక, క్షమిస్తున్నానని ఒక ఉత్తరం రాసిస్తే అనుకుంది. భాష దిద్దిపెట్టమని తనకు తెలిసిన ఇంగ్లీషు ప్రొఫెసరు దగ్గరికి వెళితే, మ్యూంక్ సంగతి సరే, మెంగెలేను క్షమించగలవా అని ఆమె అడిగింది. ఈవా ఇంటికొచ్చి, డిక్షనరీ ముందేసుకుని ఇరవై తిట్లు ఏరి రాసుకుంది. ఎదురుగా మెంగెలే ఉన్నట్టే అవన్నీ గట్టిగా చదివి, ఇంత చేసినా నిన్ను క్షమిస్తున్నానంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ తిట్ల జాబితానే. కోపం చచ్చిపోయాక వచ్చిన క్షమ కాదది.

మెంగెలే అప్పటికే, 1979లోనే బ్రెజిల్‌లో నీళ్లలో మునిగి చచ్చాడు. కోర్టు మెట్లెక్కలేదు, క్షమాపణా అడగలేదు. అతని పశ్చాత్తాపం కోసం కూర్చుంటే ఈవా జీవితాంతం కూర్చోవాల్సిందే. 1995 జనవరిలో, ఆష్‌విట్జ్ విముక్తికి 50 ఏళ్లు నిండిన రోజున మ్యూంక్ అక్కడే సంతకం పెట్టాడు, ఈవా క్షమాపత్రం చదివింది. అంతమాత్రాన అతను మహాత్ముడైపోలేదు. 1998లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో మెంగెలేను మెచ్చుకుంటూ, యూదుల గురించి నీచంగా మాట్లాడాడు. పుచ్చుకున్నవాడి యోగ్యతను బట్టి ఇచ్చేదైతే ఆ క్షమ ఆ రోజే చెల్లకుండా పోయేది.

చాలామంది బాధితులకు ఆవిడ మీద ఒళ్లు మండింది. మా తరఫున క్షమించడానికి నువ్వెవరన్నారు. నా ఒక్కదాని తరఫునే చేశానని ఆవిడ జవాబు. 2015లో జర్మనీలోని లూనెబుర్గ్ కోర్టులో, ఆష్‌విట్జ్‌లో లెక్కలు చూసిన ఆస్కర్ గ్రోనింగ్ మీద విచారణ జరిగినప్పుడు ఈ గొడవ మళ్లీ రాజుకుంది. ఈవా ఆ కేసులో సహ ఫిర్యాదీ. అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది, అతనితో చెయ్యి కలిపింది. 93 ఏళ్ల గ్రోనింగ్ ఆవిడను దగ్గరకు తీసుకుని బుగ్గ మీద ముద్దు పెట్టాడు. సహ ఫిర్యాదీలు చాలామంది, మేం క్షమించలేం అని ప్రకటన ఇచ్చారు. వాళ్ల మాటలో నాకు తప్పు కనబడదు. కవల తోబుట్టువును పోగొట్టుకున్న ఈవాకు క్షమించే హక్కు ఎంతుందో, క్షమించకుండా ఉండే హక్కు వాళ్లకూ అంతే ఉంది.

కోర్టు నాలుగేళ్ల శిక్ష వేసింది. జైలుకన్నా, ఇతను కుర్రకారు ముందు నిలబడి ఆష్‌విట్జ్ నిజమని చెబితే మేలని ఈవా వాదించింది. రెండూ జరగలేదు. జైలుకు వెళ్లకముందే 2018లో గ్రోనింగ్ చనిపోయాడు. మరుసటేడు జూలైలో, ఎప్పటిలాగే జనాన్ని ఆష్‌విట్జ్ చూపించడానికి తీసుకెళ్లిన ఈవా, పోలండ్‌లోనే కన్నుమూసింది.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఆవిడ చేసింది తప్పనుకునేవాళ్లు మీలో ఉంటే, ముందు మైకు వాళ్లకే ఇవ్వండి.