తుపాకీ మోతలో వీధి వినపడాలి

శ్రోతలకు నమస్కారం.

యుద్ధం సినిమా అయినా, నేరం సినిమా అయినా తుపాకీ లేకుండా నడవదు. ఎవరు ఎలా పట్టుకున్నారు, ఎంత స్టయిలుగా తిప్పారు, ఎంతమందిని పడగొట్టారు, ఇవే చూస్తాం. ఇవాళ చూడటం పక్కన పెడదాం. విందాం. ఎలాగూ ఇది రేడియో.

తుపాకీ పేలితే ఏం వినపడుతుంది? ఢాం అని పేలిన శబ్దం అంటారు. అది క్షణంలో వెయ్యోవంతు. ఆ తర్వాత వినపడేదంతా చోటు. బయలు ప్రదేశమైతే మోత దూరంగా పోయి ఆరిపోతుంది. చిన్న గదిలో అయితే చెవులు గింగురుమంటాయి. రెండువైపులా ఎత్తయిన మేడలున్న వీధిలో అయితే ఆ గోడకీ ఈ గోడకీ కొట్టుకుంటూ, వీధి పొడవునా దొర్లుకుంటూ పోతుంది. అందుకే అంటున్నాను, తుపాకీ మోతలో వీధి వినపడాలి. వినపడకపోతే ఆ కాల్పులు స్టూడియోలో అతికించినవని అర్థం.

ఒక్క సినిమా చెబుతాను. 1995లో వచ్చిన 'హీట్'. దర్శకుడు మైకేల్ మాన్. దొంగల నాయకుడు రాబర్ట్ డి నీరో, వెంటపడే పోలీసు అల్ పచీనో. కథ అంతా వద్దు. బ్యాంకు దోపిడీ ఒక్కటి చాలు.

దొంగలు డబ్బు సంచులు భుజాలకి వేసుకుని ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. వెనకాల సంగీతం నడుస్తోంది, గుండె కొట్టుకున్నట్టుగా. కారు దగ్గరికి వచ్చేశారు. పని అయిపోయినట్టే. దొంగల్లో ఒకడైన వాల్ కిల్మర్ కారెక్కబోతూ రోడ్డు అవతలికి చూస్తాడు. పోలీసులు. మాట లేదు, హెచ్చరిక లేదు, రైఫిల్ ఎత్తి పేల్చేస్తాడు. సరిగ్గా అక్కడ సంగీతం ఆగిపోతుంది. ఇక తుపాకులే. తుపాకులూ, ఆ వీధీ.

ఆ మోత అలా ఉండటానికి కారణముంది. లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున, నిజం వీధిలో, నిండుగా మందు దట్టించిన బ్లాంకులు పేల్చారు. బ్లాంకు అంటే ముందు గుండు ఉండని తూటా. చుట్టూ మైకులు పెట్టి అక్కడి శబ్దం అక్కడే పట్టారు. తర్వాత స్టూడియోలో తయారుచేసిన శబ్దాలు దాని ముందు నిలవలేదు. మాన్ వీధిలో పట్టిన శబ్దాన్నే ఉంచుకున్నాడు. మేడల మధ్య నలిగి వచ్చిన మోత అది. మిక్సింగ్ బల్ల దగ్గర కూర్చుని అలాంటిది పుట్టించటం చాలా కష్టం.

ఇంకొకటి గమనించండి. రైఫిల్‌కి తగిలించే తూటాల పెట్టె, అంటే మ్యాగజైన్‌లో 30 తూటాలు. ఆ రకం రైఫిల్ నిమిషానికి 700 నుంచి 900 చొప్పున పేలుస్తుంది. లెక్క వేయండి, ట్రిగర్ నొక్కిపట్టి ఉంచితే రెండు, రెండున్నర సెకన్లలో ఖాళీ. అందుకే ఆ సన్నివేశంలో కాల్పులు ముక్కలు ముక్కలుగా వినపడతాయి. నాలుగు, ఆగటం, ఐదు, ఆగటం. ఒకడు పేలుస్తుంటే ఇంకొకడు పరుగెత్తుతాడు. పరుగెత్తినవాడు ఆగి పేలుస్తాడు, అప్పుడు మొదటివాడు కదులుతాడు. మోత ఆగితే ఎవడో మ్యాగజైన్ మారుస్తున్నాడు. కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఆ నటులకి శిక్షణ ఇచ్చినవారిలో బ్రిటన్ సైన్యంలోని ప్రత్యేక దళం ఎస్ఏఎస్‌లో పనిచేసిన ఆండీ మెక్‌నాబ్ ఉన్నాడు. నేరం సినిమాలో యుద్ధం వచ్చి కూర్చుంది అలాగే.

ఇప్పుడు మిగతా సినిమాలు ఎక్కడ తప్పుతాయో చూద్దాం. ఒకే ఢాం శబ్దాన్ని పొలంలోనూ, బాత్రూంలోనూ వాడేస్తారు. కారులో అద్దాలు మూసి తుపాకీ పేల్చి, మరుక్షణం గుసగుసగా మాట్లాడుకుంటారు. నిజానికి అప్పుడు ఇద్దరికీ చెవుల్లో హోరు తప్ప ఏమీ వినపడదు.

ఇక సైలెన్సర్. నేరం సినిమాల పెద్ద అబద్ధం ఇదే. తెరమీద చీమ తుమ్మినట్టు తుస్సుమంటుంది, పక్కగదిలో మనిషి నిద్ర కూడా చెడదు. పిస్తోలు మోత సుమారు 160 డెసిబెల్స్. సైలెన్సర్ తగ్గించేది 20 నుంచి 35. మిగిలేది 125 నుంచి 140, అదీ చెవులు అదిరే మోతే. కారణం కూడా తేలికే. తుపాకీలో శబ్దాలు మూడు. గొట్టం మూతి దగ్గర వాయువు ఎగదన్నే శబ్దం ఒకటి, తూటా ధ్వనికంటే వేగంగా పోతే గాలి చిట్లే శబ్దం ఒకటి, లోపలి ఇనుప భాగాలు కొట్టుకునేది ఒకటి. సైలెన్సర్ అణిచేది మొదటిదాన్ని మాత్రమే.

యుద్ధం సినిమాల్లో తప్పు ఇంకోచోట ఉంటుంది. దూరం. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. రైఫిల్ తూటా 900 దాకా వేగంతో బయలుదేరుతుంది. 340 మీటర్ల అవతల ఉన్నవాడి దగ్గరికి తూటా అర సెకనులో వచ్చేస్తుంది, మోత సెకనుకి వస్తుంది. ముందు పక్కన చటుక్కుమని గాలి పగులుతుంది, తర్వాత దూరంగా ధుమ్మంటుంది. చాలా సినిమాల్లో కొండ అవతల మెరుపూ మోతా ఒక్కసారే వస్తాయి. ఆ అర సెకను భయాన్ని దర్శకుడు చేజేతులా పారేసుకున్నట్టే.

దూరాన్ని పక్కన పెట్టినా, చెవితో యుద్ధం చూపించిన సినిమా 1998 నాటి 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్'. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు ఫ్రాన్సులోని ఒమాహా తీరంలో దిగే ఘట్టంలో సంగీతం అసలు లేదు. కెమెరా నీళ్ళలో మునిగితే మోత అణిగిపోతుంది, పైకి తేలితే మీదపడుతుంది. కెప్టెన్ ఒడ్డుకి పాకేసరికి చెవులు దిబ్బడేస్తాయి. ఎదురుగా ఒకడు నోరు తెరిచి అరుస్తున్నాడు, మనకీ వినపడదు. యుద్ధం ఎంత పెద్దదో ఆ నిశ్శబ్దంలో తెలుస్తుంది. అమెరికన్ సైనికుల గారాండ్ రైఫిల్‌ని కూడా వినండి. ఎనిమిది తూటాలు అయిపోగానే ఖాళీ క్లిప్పు టింగుమని బయటికి ఎగురుతుంది. ఆ టింగు వినపడిందంటే ఆ రైఫిల్ ఖాళీ అయినట్టే.

నా మట్టుకు నాకు, కాల్పుల మీద డోళ్ళూ వయొలిన్లూ గుమ్మరించిన సన్నివేశం చూస్తే దర్శకుడికి తన సన్నివేశం మీద నమ్మకం లేదనిపిస్తుంది.

ఇదంతా ఇంట్లో వినపడాలంటే చేయాల్సింది ఒకటుంది. టీవీ సౌండ్ సెట్టింగుల్లోకి వెళ్ళండి. నైట్ మోడ్ అనో, ఆటో వాల్యూమ్ అనో ఉంటుంది. అది పెద్ద శబ్దాన్ని తగ్గించి, చిన్నదాన్ని పెంచుతుంది. గుసగుసా తుపాకీ మోతా ఒకే ఎత్తుకి వస్తాయి. దాన్ని ఆపేయండి. మీకున్నవి టీవీలోని రెండు స్పీకర్లే అయితే ఆడియోలో 5.1 అనే ఆరు చానళ్ళ శబ్దం బదులు రెండు చానళ్ళ స్టీరియో ఎంచుకోండి. ఆరు చానళ్ళని రెండింటిలో కుక్కినప్పుడు మాటలు సన్నగిల్లటం మామూలే. మాటలు వినపడట్లేదని వాల్యూమ్ పెంచుతాం, కాల్పులు రాగానే హడావిడిగా తగ్గిస్తాం. సన్నివేశం పాడయ్యేది అక్కడే. మామూలు మాటలు సుఖంగా వినపడేచోట వాల్యూమ్ పెట్టి వదిలేయండి.

ఆ బ్యాంకు సన్నివేశం వచ్చాక రిమోట్ ముట్టుకోకండి. ఒకసారి కళ్ళు తెరుచుకుని చూడండి, రెండోసారి మూసుకుని వినండి. పక్కింటివాళ్ళకి మాత్రం ముందే ఓ మాట చెప్పి ఉంచండి. నమస్కారం.