వారానికి తొమ్మిది గంటలే క్లాసులు, మరి తీరికేది?

అందరికీ నమస్కారం.

మన విశాఖ ద్వారకానగర్‌లో ఏ మేడ మెట్లెక్కినా అమెరికా చదువుకి రాసే జీఆర్‌ఈ పరీక్ష గురించో, వీసా గురించో చెప్పేవాళ్లు దొరుకుతారు. యూనివర్సిటీ వీసా కోసం ఇచ్చే ఐ-20 పత్రం చేతికొచ్చి, హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయ్యేదాకా దారి చూపించేవాళ్లకి కొదవ లేదు. అమెరికాలో దిగాక సోమవారం నుంచి ఆదివారం దాకా రోజు ఎలా గడుస్తుందో చెప్పేవాళ్లే తక్కువ. నన్ను మాట్లాడమన్నది అందుకే అనుకుంటున్నాను. నేను ఇక్కడే, ఆంధ్రా యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశాను. ఇప్పుడు అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్నాను, సెలవులకి ఇంటికి వచ్చాను.

మాస్టర్స్ చదివేవాళ్లకి చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు తీసుకుంటే ఫుల్‌టైమ్ కింద లెక్క. అంటే దాదాపుగా మూడు సబ్జెక్టులు, వారానికి తొమ్మిది గంటల క్లాసులు. ఈ మాట అనగానే వెనక వరుసల్లో కొందరు నాన్నలు నవ్వుతున్నారు. తొమ్మిది గంటలేనా, మరి ఫోన్ ఎత్తడానికి తీరిక లేదంటాడేంటి మావాడు అని.

లెక్క చెప్తాను. ఒక గంట క్లాసుకి బయట రెండు మూడు గంటల చదువు పడుతుంది. అక్కడికే వారానికి ముప్ఫై గంటలు దాటుతుంది. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చెయ్యొచ్చు. డైనింగ్ హాల్లోనో, లైబ్రరీలోనో అది దొరికిందంటే అదృష్టం. అన్నీ కలిపితే యాభై పైమాటే. ఆపైన వంట, బట్టలు, బస్సు కోసం నిలబడటం.

అయినా గంటల సంఖ్య చూసి భయపడక్కర్లేదు. ఇంటర్‌లో మన పిల్లలు ఇంతకంటే ఎక్కువే చదివారు. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పదింటిదాకా మళ్లీ స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, మర్నాడు ర్యాంకులు. ఏ పుస్తకం ఎప్పుడు తియ్యాలో, ఎప్పుడు ముయ్యాలో వేరేవాళ్లు చెప్పేవారు. డిగ్రీలోనో, ఇంజనీరింగ్‌లోనో కాస్త వదిలారు గానీ, అక్కడా చివరి వారం చదివి గట్టెక్కాం. కష్టపడటం మనకి కొత్త కాదండి, ఎప్పుడు ఏం చెయ్యాలో మనమే తేల్చుకోవడం కొత్త.

అక్కడ మొదటి క్లాసులోనే సిలబస్ ఇస్తారు. సిలబస్ అంటే పాఠాల జాబితా ఒక్కటే కాదు, నాలుగు నెలల్లో ఏ రోజు ఏం సబ్మిట్ చెయ్యాలో, దేనికి ఎన్ని మార్కులో అందులోనే ఉంటుంది. ఆ తర్వాత చాలామంది ప్రొఫెసర్లు మళ్లీ గుర్తు చెయ్యరు. పేరు పెట్టి పిలవమంటారు, నవ్వుతూ మాట్లాడతారు, గడువు దాటితే మార్కులు కూడా నవ్వుతూనే కోస్తారు. అసైన్‌మెంట్ గడువు తరచుగా రాత్రి 11:59. పైగా ఒక ప్రొఫెసర్ పెట్టిన తేదీలు ఇంకొకరికి తెలియవు. అక్టోబర్లో ఒకే వారంలో మూడు మిడ్‌టర్మ్‌లు పడతాయి. ఒక సబ్జెక్ట్ వదిలేద్దామంటే క్రెడిట్లు తగ్గి వీసాకే ఎసరు. ఇంటర్నేషనల్ ఆఫీసువాళ్ల అనుమతి లేకుండా ఫుల్‌టైమ్ కంటే కిందికి పోకూడదు. సగటున బీ గ్రేడ్, అంటే 3.0 జీపీఏ తగ్గినా చాలాచోట్ల ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక కింద పెడతారు. అందుకే దిగిన మొదటి వారంలోనే మూడు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టుకుని, తేదీలన్నీ ఒకే క్యాలెండర్లో వేసుకోండి. ఈ పని చేసినవాళ్లకీ చెయ్యనివాళ్లకీ అక్టోబర్లో తేడా మొహం మీదే తెలుస్తుంది.

ఇక ల్యాబ్. మావాళ్ల సంగతి ఇంకో రకం. మేం ఈ-కోలై బ్యాక్టీరియా పెంచి, దాని చేత ప్రోటీన్ తయారు చేయిస్తాం. బాగా పెరిగే దశలో అది ఇంచుమించు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఎంత పెరిగిందో ద్రవం మసకని బట్టి చెప్పే కొలత ఓడీ. అది 0.6 దగ్గరికి రాగానే, ప్రోటీన్ తయారీ మొదలుపెట్టించే ఐపీటీజీ అనే రసాయనం కలపాలి. కాస్త ఆలస్యమైతే పెరుగుదల దాటిపోతుంది. అందుకని పావుగంటకోసారి శాంపిల్ తీసి చూస్తూ ఉండాలి. కలిపాక మూడు నాలుగు గంటలు ఆగాలి, ఆపైన సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పి, అడుగున చేరిన బ్యాక్టీరియా ముద్దని మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టాలి. మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రి అవుతుంది. గట్టిగా చూస్తే నేను చేతులు కదిపింది గంటన్నర ఉండదు. మిగతాదంతా ఖాళీయే, కాకపోతే పావుగంట ముక్కలు. పావుగంటలో రీసెర్చ్ పేపర్ బుర్రకెక్కదు, నిద్ర పట్టదు, ఇంటికెళ్లి రాలేం. ఫోన్ చూస్తూ గడిచిపోతుంది. రోజంతా బిజీ, సాయంత్రానికి చేసిందేమిటో చెప్పలేం. ఈ ముక్కల్లో చేసుకునే పనులు వేరుగా ఉంచుకోవాలి. మెయిల్స్‌కి జవాబులు, లెక్కలు ఎక్కించడం, నేను టీఏగా, అంటే టీచింగ్ అసిస్టెంట్‌గా దిద్దే ల్యాబ్ రిపోర్టుల్లో ఒకటీ రెండూ. అసలు చదువుకి మాత్రం వారంలో రెండు పూటలు ఎవరికీ ఇవ్వకుండా దాచుకుంటాను. స్నేహితులు గర్వమనుకున్నా సరే.

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీకు తెలుసు. 1920లలో హార్వర్డ్‌కి వెళ్లి, పొట్టకూటికి బోస్టన్‌లో ఒక ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పని చేశారు. అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. బయోకెమిస్ట్రీ చదివినవాళ్లెవరైనా ఫిస్క్-సుబ్బారావ్ అనే పేరు రాసే ఉంటారు. ఆయన్ని చూపించి, చూశారా, రాత్రుళ్లు పనిచేసి ఎంతవాడయ్యాడో అంటుంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఆయన డబ్బుల్లేక చేశారు. డబ్బుంటే ఆ రాత్రులు కూడా ల్యాబ్‌లోనే గడిపేవారేమో. ఇప్పుడు క్యాంపస్ బయట గ్యాస్ స్టేషన్లో దొంగచాటుగా, చేతికి డబ్బు తీసుకుని పనిచేస్తే వీసా స్టేటసే పోతుంది. లోన్ లెక్క ఇక్కడే తేల్చుకుని వెళ్లండి. మారటోరియంలో, అంటే బ్యాంకు ఇచ్చే విరామంలో, ఈఎంఐ ఆగుతుంది, వడ్డీ ఆగదు. పీహెచ్‌డీలో చేరినవాళ్లకి చాలావరకు ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. మాస్టర్స్‌కి అది నమ్ముకోవద్దు.

అమ్మానాన్నలకి ఒక మాట. సెంట్రల్ టైమ్ పాటించే ఊళ్లలో వేసవిలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. నవంబర్లో అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు. మీరు రాత్రి తొమ్మిదింటికి భోంచేసి తీరిగ్గా ఫోన్ చేస్తే అక్కడ పొద్దున్న పదిన్నరో, తొమ్మిదిన్నరో. క్లాసులో ఉంటారు. ఎత్తలేదని పది మిస్డ్ కాల్స్ ఇస్తే వాళ్లకీ టెన్షన్, మీకూ టెన్షన్. ఆదివారం పొద్దున్న, అంటే వాళ్లకి శనివారం రాత్రి, ఒక టైమ్ అనుకోండి. మార్కులు ఎలా ఉన్నాయో యూనివర్సిటీకి మెయిల్ పెట్టి అడిగే నాన్నలూ ఉన్నారు. అక్కడ విద్యార్థుల వివరాల గోప్యత మీద ఉన్న 1974 నాటి చట్టం ప్రకారం విద్యార్థి రాసిస్తే తప్ప వాళ్లు చెప్పరు. అడగాల్సింది మీ అమ్మాయినే, అబ్బాయినే. అదీ మొదటి ప్రశ్నగా వద్దు.

పిల్లలూ, మీరూ దాచకండి. నిద్ర పట్టక, తిండి సయించక నెల గడిస్తే క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, వెళ్లండి. ఇంట్లో తెలిస్తే ఏమనుకుంటారో అని మనవాళ్లు వెళ్లరు. మీరు చెప్పకుండా ఇంటికి తెలియదు.

వంట సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. రూమ్మేట్స్‌తో వంతులు మొదటి ఆదివారమే వేసుకోండి. పోపు పెట్టేముందు కిటికీ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యండి. ఎండుమిర్చి మాడిందంటే స్మోక్ అలారం మోగుతుంది. కొన్ని బిల్డింగుల్లో అందరూ మంచులోకి పరిగెత్తాల్సి వస్తుంది. మినప్పప్పు నానబోసిన రోజు ల్యాబ్‌లో పెద్ద ప్రయోగం పెట్టుకోకండి.

ఇక మీ ప్రశ్నలు. వీసా ఇంటర్వ్యూ గురించి మాత్రం నన్ను అడగొద్దు, నిబంధనలు మారుతూ ఉంటాయి, కాన్సులేట్ వెబ్‌సైట్ చూసుకోండి. ఆవకాయ కారకుండా సూట్‌కేసులో ఎలా సర్దాలో తెలుసుకోవాలంటే మూడో వరుసలో మా అమ్మ కూర్చుంది, ఆవిడని పట్టుకోండి.