ఫుల్ సస్పెన్షన్ సైకిల్ కొనే ముందు మీ కాళ్ళు కొలవండి, మీ దారి చూడండి

(తెర మీద: ఉదయగిరి పక్కన రాళ్ళ బాట. వెనక చక్రం ఒక బండ మీదికి ఎక్కి దిగుతుంది. షాకు నలిగి లేవడం దగ్గరగా, స్లో మోషన్‌లో.)

నమస్తే అండి. ఆ వెనక షాకుని ఒక్కసారి చూడండి. చక్రం బండ ఎక్కేటప్పుడు లోపలికి నలిగింది, దిగ్గానే లేచింది. నా నడుముకి తెలిసింది చాలా తక్కువ. ఫుల్ సస్పెన్షన్ సైకిల్ చేసే పని ఇదే. ముందు ఫోర్కు ఒక దెబ్బ మింగుతుంది, వెనక షాకు ఇంకో దెబ్బ మింగుతుంది. వెనక చక్రం ఫ్రేముకి బిగించినట్టు ఉండదు, బేరింగుల మీద పైకీ కిందికీ ఆడుతుంది.

నెల్లూరు నుంచీ, ఒంగోలు నుంచీ అడిగేవాళ్ళు ఎక్కువగా అడిగే మాట ఒకటే. "అన్నా, 140 ఎంఎం తీసుకోనా, 160 తీసుకోనా?" ట్రావెల్ అంటే చక్రం ఎంత దూరం కదలగలదో చెప్పే అంకె. అది తేలాల్సింది అన్నిటికంటే చివర. మీ కాళ్ళ పొడవు, మీ బరువు, మీరు వారం వారం నిజంగా తొక్కే దారి, ఈ మూడూ తెలిస్తే ఆ అంకె దానంతటదే తేలిపోతుంది.

(తెర మీద: మామూలు సైకిల్ షాపు బయట వరసగా నిలబెట్టిన సైకిళ్ళు. ఒకదాని వెనక ఎర్ర స్ప్రింగు, దాని మీద "750" అంకె.)

ముందు ఒక హెచ్చరిక. పదిహేను, ఇరవై వేలకి వెనక స్ప్రింగు పెట్టి అమ్మే సైకిళ్ళు మన ఊళ్ళ షాపుల్లో బోలెడు. ఆ స్ప్రింగు మీద 750 అనో, 850 అనో రాసి ఉంటుంది. ఆ స్ప్రింగుని ఒక అంగుళం నొక్కాలంటే ఎన్ని పౌండ్ల బలం కావాలో చెప్పే లెక్క అది. యాభై కిలోల కుర్రాడికీ అదే స్ప్రింగు, తొంభై కిలోల పెద్దాయనకీ అదే. పైగా నలిగిన స్ప్రింగు వెనక్కి వచ్చే వేగాన్ని ఆపే డాంపర్ అందులో ఉండదు. తొక్కితే గుంతల రోడ్డు మీద ఆటో వెనక సీట్లో కూర్చున్నట్టే ఉంటుంది. అసలైన ఫుల్ సస్పెన్షన్ లక్ష దాటితే గానీ దొరకదు. అంత బడ్జెట్ లేకపోతే ఉన్న డబ్బుతో ముందు ఫోర్కు మాత్రమే ఉండే మంచి హార్డ్‌టెయిల్ తీసుకోండి. మొహమాటం లేకుండా చెప్తున్నా, ఇరవై వేల ఫుల్ సస్పెన్షన్ కంటే ఇరవై అయిదు వేల హార్డ్‌టెయిల్ వందరెట్లు నయం.

(తెర మీద: వరసగా నాలుగు దారులు. పెన్నలో ఇసక, కాలువ గట్టు, నల్లరేగడి డొంక, వెలికొండల రాళ్ళ బాట.)

ఇక దారి. మన రెండు జిల్లాల్లో నేల ఊరూరికీ మారిపోతుంది, అందుకే ఈ మాట కొంచెం వివరంగా చెప్తాను.

పెన్న ఇసకలో, మైపాడు తీరంలో షాకు చేసేదేమీ లేదు. అక్కడ పనికొచ్చేది వెడల్పు టైరు, అందులో తక్కువ గాలి. పైగా సముద్రపు ఉప్పు బేరింగులకి శత్రువు. తీరానికి వెళ్ళి వచ్చిన రోజు మంచినీళ్ళతో కడిగి, తుడిచి, చైనుకి నూనె పెట్టాల్సిందే.

కండలేరు నుంచి పూండి వైపు వెళ్ళే తెలుగుగంగ కాలువ గట్లు, మెట్ట ఊళ్ళ మధ్య గ్రావెల్ రోడ్లు, గొర్లు నడిచే బాటలు, వీటికి 100 నుంచి 120 ఎంఎం చాలు. నిజానికి హార్డ్‌టెయిల్ కూడా చాలు.

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి డొంకలు వేసవిలో బిగుసుకుని సిమెంటులా ఉంటాయి, వాన పడితే చక్రం తిరగదు. ఇక్కడ చూడాల్సింది ట్రావెల్ కాదు, వెనక టైరుకీ ఫ్రేముకీ మధ్య సందు. ఫుల్ సస్పెన్షన్ ఫ్రేములు కొన్నిట్లో బాటమ్ బ్రాకెట్, అంటే పెడల్ కమ్మీల ఇరుసు ఉండే చోటు, దాని వెనక ఆ సందు బాగా ఇరుకు. షాపులో చూపుడువేలు అడ్డంగా పెట్టి చూడండి. వేలు పట్టకపోతే రేగడి అక్కడే గూడు కడుతుంది.

చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల చుట్టూ ఉన్న రోడ్ల మీద పదునైన రాతి ముక్కలు టైరు పక్క గోడని కోసేస్తాయి. టైరు బలమైనది ఉండాలి. క్వారీల లోపలికి మాత్రం పోవద్దు, అక్కడ పేలుళ్ళు జరుగుతాయి, టిప్పర్ డ్రైవర్‌కి మీరు కనిపించరు.

వెలికొండల అంచులో ఉదయగిరి, పెంచలకోన, భైరవకోన పక్క దారులు వేరే లోకం. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రాళ్ళు, వానకి కోసుకుపోయిన వంకలు, దిగుడులో జారే గులకరాళ్ళు. ఫుల్ సస్పెన్షన్‌కి పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది ఇక్కడే. 120 నుంచి 140 ఎంఎం ఉంటే ఈ దారులకి నిండుగా సరిపోతుంది. 160, 170 ఎంఎం బైకులు బరువు, ఎక్కుడులో ఉసూరుమనిపిస్తాయి. లిఫ్టులో కొండ పైకి వెళ్ళి కిందికి దిగే దేశాల్లో అవి బాగుంటాయి గానీ, మనం ఎక్కేది మన కాళ్ళతోనే కదా.

ఒక మాట మర్చిపోవద్దు. పెంచలకోన చుట్టూ పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. గిద్దలూరు, దోర్నాల వైపు నల్లమల పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా ఆ అడవి బాటల్లోకి సైకిల్ దించొద్దు.

(తెర మీద: ఇంటి గోడ. కెమెరా పట్టుకునే తమ్ముడు ఈసారి కెమెరా ముందుకి వస్తాడు. చెప్పులు లేవు. చేతిలో లావుపాటి పుస్తకం, టేపు.)

"అన్నా, నాది అయిదడుగుల అయిదంగుళాలు. మీడియం అంటగా?"

ఎవరు చెప్పారు తమ్ముడూ? ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి స్మాల్. స్టిక్కర్ వదిలెయ్, గోడకి ఆనుకో.

(తెర మీద: పుస్తకం రెండు కాళ్ళ మధ్య, అట్ట గోడకి నిలువుగా. సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి లాగి, అట్ట పై అంచు దగ్గర పెన్సిల్ గీత.)

నేల నుంచి ఆ గీత దాకా 76 సెంటీమీటర్లు. ఇన్‌సీమ్ అంటారు దీన్ని. ప్యాంటు కొలత కాదిది, దర్జీ ఇచ్చే అంకె చెల్లదు. దీన్ని 0.883తో గుణిస్తే 67 సెంటీమీటర్లు వస్తుంది. పెడల్ కమ్మీ తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పై దాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా అది. సెంటీమీటరు అటూ ఇటూ తొక్కి చూసుకుని సర్దుకోవచ్చు.

ఇప్పుడు ఈ 67తో ఏం చేస్తామో చూడండి. మౌంటెన్ బైకులో డ్రాపర్ పోస్టు ఉంటుంది. దిగుడు రాగానే బటన్ నొక్కితే సీటు కిందికి పోతుంది, మనిషి వెనక్కి వంగి దిగడానికి చోటొస్తుంది. ఒక ఫ్రేములో సీటు గొట్టం 40 సెంటీమీటర్లు అనుకుందాం. 67లో 40 పోతే 27. సీటు మందం కింద ఇంకో 5 తీసేస్తే 22 మిగిలింది. అందులో 150 ఎంఎం డ్రాపర్ హాయిగా పడుతుంది. అదే పెద్ద సైజు ఫ్రేములో గొట్టం 47 ఉందంటే, మిగిలేది 15. అందులో 100 ఎంఎం డ్రాపరే పడుతుంది. సీటు పూర్తిగా దించినా ఇంకా ఎత్తుగానే ఉంటుంది, ఉదయగిరి దిగుడులో కడుపులో పొడుస్తుంది. అందుకే కాళ్ళు పొట్టిగా ఉన్నవాళ్ళు కంపెనీ వెబ్‌సైటులో ముందు సీటు గొట్టం పొడవు చూడాలి. అమ్మాయిలకీ ఇదే మాట. గులాబీ రంగు వేసిన ఫ్రేము అక్కర్లేదు, గొట్టం పొట్టిగా ఉన్న ఫ్రేము కావాలి.

తర్వాతది రీచ్. పెడల్ ఇరుసు నుంచి నిటారుగా ఒక గీత పైకి గీస్తే, అక్కణ్ణుంచి హ్యాండిల్ గొట్టం పై అంచు దాకా అడ్డంగా ఉండే దూరం. పెడళ్ళ మీద లేచి నిలబడ్డప్పుడు ఒంటికి తెలిసే కొలత ఇది. తమ్ముడి ఎత్తుకి 420 నుంచి 445 ఎంఎం మధ్య వెతుక్కోవచ్చు. చేతులు పొడుగైతే పై అంకె వైపు, ఇరుకు బాటల్లో చురుగ్గా తిప్పాలనుకుంటే కింది అంకె వైపు.

అయితే విదేశీ రివ్యూలన్నీ రీచ్ చుట్టూనే తిరుగుతాయి. వాళ్ళు సైకిల్‌ని కారు వెనక కట్టుకుని సరాసరి బాట మొదట్లో దింపుకుంటారు. మనం ఇంటి దగ్గరే ఎక్కి, ఇరవై కిలోమీటర్లు తారు రోడ్డు మీద కూర్చుని తొక్కి, అప్పుడు గట్టు ఎక్కుతాం. కూర్చున్నప్పుడు లెక్కలోకి వచ్చేది ఎఫెక్టివ్ టాప్ ట్యూబ్, అంటే సీటు నుంచి హ్యాండిల్ గొట్టం దాకా అడ్డం కొలత. రెండు బైకుల రీచ్ ఒకటే అయినా ఈ కొలత మూడు సెంటీమీటర్లు తేడా రావచ్చు. భుజాలు లాగుతున్నాయని వాపోయేవాళ్ళలో చాలామంది చూడకుండా వదిలేసింది ఈ అంకెనే. కాబట్టి రెండూ రాసుకుని షాపుకి వెళ్ళండి.

చక్రాల సంగతి త్వరగా చెప్పేస్తా. 29 అంగుళాలది రాళ్ళ మీద సులువుగా దొర్లుతుంది, 27.5 మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది. పొట్టివాళ్ళకి బాగా వాలు దిగుడులో 29 వెనక చక్రం పిరుదులకి తగిలే అవకాశం ఉంది. ముందు 29, వెనక 27.5 పెట్టిన బైకులు అందుకే వచ్చాయి.

(తెర మీద: వెనక షాకు దగ్గరగా. కమ్మీ మీద సన్నని నల్ల రబ్బరు రింగు. పక్కన స్టీలు స్కేలు.)

సరైన సైజు కొన్నా, ఈ పని చెయ్యకపోతే డబ్బు దండగ. తమ్ముడి బరువు 62 కిలోలు. హెల్మెట్టు, నీళ్ళ బ్యాగు కలిపి 65. ఆ బరువుకి షాకు కొంచెం కుంగాలి. దాన్ని శాగ్ అంటారు. వెనక 25 నుంచి 30 శాతం, ముందు 15 నుంచి 20 శాతం.

ఈ షాకు కమ్మీ కదిలేది 50 ఎంఎం. 28 శాతం అంటే 14 ఎంఎం. షాకుని కదలకుండా బిగించే లాకౌట్ మీటని వదులు చెయ్, ఎక్కి నాలుగుసార్లు గట్టిగా కుదుపు తమ్ముడూ, లోపలి గదుల్లో గాలి సమం కావాలి. ఇప్పుడు కదలకుండా కూర్చో. నేను రబ్బరు రింగుని సీలు దాకా తోస్తున్నా. నెమ్మదిగా దిగు, ఎగిరి దూకావంటే రింగు జరిగిపోతుంది.

(తెర మీద: స్కేలు మీద 18.)

18 వచ్చింది, అంటే 36 శాతం. గాలి తక్కువుంది. గాలి ఒత్తిడి పది పీఎస్ఐ పెంచి మళ్ళీ కొలుద్దాం.

"పెట్రోలు బంకులో కొట్టిద్దామా అన్నా?"

వద్దు. ఈ చిన్న గదికి 150, 200 పీఎస్ఐ దాకా కావాలి, అదీ ఒక్కొక్క పీఎస్ఐ చూసుకుంటూ. షాకు పంపు అని వేరే దొరుకుతుంది, బైకుతో పాటే కొనండి. పంపు తగిలించగానే అంకె కాస్త పడిపోతుంది, కంగారు పడొద్దు, పంపు గొట్టం నిండడానికి ఆ గాలి పోయింది. విప్పేటప్పుడు వచ్చే బుస్సు చప్పుడు గొట్టంలో మిగిలిన గాలిది.

ఇంకో సంగతి, మన ఎండలది. పొద్దున అయిదింటికి 25 డిగ్రీల్లో 150 పీఎస్ఐ పెట్టారు. ఎండెక్కి 42 డిగ్రీలైతే అదే గాలి సుమారు తొమ్మిది పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. బండి ఎండలో నిలబెడితే ఇంకా ఎక్కువ. నీడలో, మీరు తొక్కే టైముకి దగ్గరగా కొలుచుకోండి.

(తెర మీద: టైరులో దిగిన సర్కారు తుమ్మ ముల్లు. పక్కనే పల్లేరు కాయ.)

వీటిని మీకు పరిచయం చెయ్యక్కర్లేదు. ట్యూబుతో మన గట్ల మీదికి వెళ్ళడమంటే పంక్చర్ కిట్టుతో కాపురం చెయ్యడమే. ట్యూబ్‌లెస్ పెట్టించి లోపల సీలెంట్ పొయ్యండి. ముల్లు దిగితే ఆ ద్రవం కారి చిల్లు దగ్గరే గడ్డకడుతుంది. మన వేడికి అది త్వరగా ఎండుతుంది, రెండు నెలలకోసారి వాల్వు లోపలి పిన్ను విప్పి చూడాలి.

సర్వీసు గురించి షాపువాణ్ణి ముందే అడగండి. ఫోర్కు కింది కాళ్ళు విప్పి నూనె మార్చడం చాలా మోడళ్ళకి 50 గంటల రైడింగుకోసారి చెయ్యాలంటారు. మన పక్క షాకు విప్పి సీళ్ళు మార్చేవాళ్ళు అరుదు, చెన్నైకి పార్సిల్ వెయ్యాల్సి రావచ్చు. ఆ ఖర్చు, ఆ రోజులు లెక్కేసుకోండి. సెకండ్ హ్యాండ్ బండైతే షాకు కమ్మీ మీద గోరు ఆనించి పై నుంచి కిందికి లాగండి. గోరు ఎక్కడైనా తగులుకుంటే అది గీత, అక్కణ్ణుంచి గాలి, నూనె కారిపోతాయి. తర్వాత సీటు పట్టుకుని బండిని కొంచెం లేపి దించండి. టక్కుమని చప్పుడొస్తే బేరింగులు గానీ, షాకు బుష్‌లు గానీ అరిగాయి.

(తెర మీద: తమ్ముడు కాగితం మీద రాసుకున్న అంకెలు: 76, 67, 65 కిలోలు, రీచ్ 420–445.)

"ఇంతకీ నేనేం కొనాలన్నా?"

నువ్వు వారానికోసారి ఎక్కడ తొక్కుతావు?

"కండలేరు కాలువ గట్టు. ఉదయగిరి ఏడాదికి ఒకటి రెండుసార్లు."

అయితే హార్డ్‌టెయిల్ తీసుకో, 120 ఎంఎం ఫోర్కు, మంచి టైర్లు, డ్రాపర్. మిగిలిన డబ్బులు దాచుకో. ఉదయగిరి వెళ్ళినప్పుడు నా బండి ఇస్తాలే, షాకులో గాలి మాత్రం నీ బరువుకి మార్చుకో.