కుళాయి బిల్లు వెనక లెక్క

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో ఇంతమంది వచ్చారంటే కుళాయి చార్జీల మీద కోపం గట్టిగానే ఉన్నట్టుంది. కోపం వద్దనను. అది దేని మీద పడాలో తేల్చుకుందాం.

మన బెజవాడలో తరచూ వినే మాట ఒకటుంది: "కృష్ణ పక్కనే పారుతుంటే నీళ్లకు డబ్బులేంటండీ?" మనం కట్టేది నదికి కాదు. ఆ నీళ్లను తోడి, పటిక వేసి తేర్చి, వడగట్టి, క్లోరిన్ కలిపి, ట్యాంకు ఎక్కించి మన వీధికి పంపినందుకు. అన్నట్టు, ఇరవై లీటర్ల టిన్ను ఇరవై రూపాయలకు కొంటే వెయ్యి లీటర్లు వెయ్యి రూపాయలు పడుతుంది. దాని మీద మాత్రం ఎవరూ ధర్నా చేయరు!

ఇప్పుడు మన ఊళ్లో కొండల మీదున్న ఇళ్ల సంగతి చూడండి. వెయ్యి లీటర్లను 50 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలంటే, పంపులో పోయే నష్టంతో కలిపి, సుమారు 0.2 యూనిట్ కరెంటు కావాలి. మురుగు లైన్లున్న పట్టణాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ప్రమాణం. నలుగురున్న ఇంటికి నెలకు 16 వేల లీటర్లు, అంటే మూడు యూనిట్ల పైన. ఇంతేనా అనిపిస్తుంది. కానీ దారిలో లీకైన నీటికీ అంతే కరెంటు కాలుతుంది. పైగా సిబ్బంది జీతాలు, పైపుల మరమ్మతులు మనం నీళ్లు తక్కువ వాడినంత మాత్రాన తగ్గవు.

ఖర్చు ప్రకారమే వేస్తే, కొండ మీద ఇంటికి కింద బంగళా కంటే ఎక్కువ చార్జీ పడాలి. మెట్లెక్కి బిందెలు మోసే వాళ్ల దగ్గర ఎక్కువ తీసుకోవడం న్యాయమని ఇక్కడ ఎవరైనా అంటారా? అనరు. మొత్తం ఎంత ఖర్చయిందో ఇంజనీర్ లెక్క చెబుతుంది. ఎవరు ఎంత మోయాలో అది చెప్పదు. అది మనం ఎన్నుకున్న వాళ్లు తేల్చాల్సిన విషయం.

ఆ తేల్చడంలోనూ పైనుంచి ఒత్తిడి ఉంటుంది. 2020లో కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పు వెసులుబాటు ఇస్తూ కొన్ని షరతులు పెట్టింది. పట్టణాల్లో నీటి, మురుగు చార్జీలకు ఖర్చుకు తగ్గ కనీస రేట్లు ఖరారు చేయడం అందులో ఒకటి. ఆ సంస్కరణలు ముందుగా పూర్తిచేసిన రాష్ట్రాల్లో మనదీ ఉంది. 2,525 కోట్ల అదనపు అప్పుకు అనుమతి వచ్చింది. మన వీధి కుళాయి రేటుకూ ఢిల్లీలో అప్పు ఫైలుకూ ఇలా ముడి పడింది.

మీటర్లు పెడితే అన్నీ సర్దుకుంటాయంటారు. సగం నిజమే. అరంగుళం కనెక్షన్‌కు ఇంత అని ఒకే రేటు పెడితే, ఒంటరిగా ఉండే మామ్మగారూ, మూడంతస్తులు అద్దెకిచ్చిన ఆసామీ ఒకటే కడతారు. మీటరు ఆ తేడా చూపిస్తుంది. కానీ వాడకం పెరిగేకొద్దీ రేటు పెంచే శ్లాబులుంటే, ఒకే కనెక్షన్ మీద మూడు కుటుంబాలు బతికే ఇల్లు పై శ్లాబులోకి పోతుంది. తలసరి లెక్క చూడకుండా శ్లాబులు పెడితే దెబ్బ తగిలేది పేదవాడికే.

మురుగు గురించి మాట్లాడటం ఎవరికీ ఇష్టముండదు. వాడిన నీటిలో దాదాపు 80 శాతం డ్రైనేజీలోకి పోతుందని ప్లానింగ్‌లో లెక్కేస్తారు. అంటే ఇందాకటి ఇంటి నుంచి నెలకు 13 వేల లీటర్లు. పల్లంలో మళ్లీ పంపు చేయాలి, శుద్ధి ప్లాంటులో గాలి కొట్టే మోటార్లు తిరుగుతూనే ఉండాలి. కుళాయి ఆగితే గంటలో ఫోన్లు మోగుతాయి. శుద్ధి ఆగితే ఎవరికీ తెలియదు. అందుకే బడ్జెట్లో కోత ముందుగా అక్కడే పడుతుందేమోనని నా భయం. డ్రైనేజీ లైను రాని వీధిలో చార్జీ వేస్తే మాత్రం నేనూ మీతోపాటు అడ్డుపడతాను.

ఈసారి పెంపు ప్రతిపాదన వస్తే "తగ్గించండి" అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. తోడిన నీళ్లెన్ని, బిల్లు పడినవెన్ని, ఏ కొండకు ఎన్ని గంటలు నీళ్లిస్తున్నారు, డ్రైనేజీ పేరుతో వచ్చిన డబ్బు డ్రైనేజీకే వెళ్లిందా అని రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం ఉంది, దరఖాస్తు ఫీజు పది రూపాయలే.

ఇక మీ ప్రశ్నలు. కొండప్రాంతం నుంచి వచ్చినవాళ్లు ముందు మాట్లాడండి.