ఆ ముఖాన్ని ఎందుకలా గీశారు?

అందరికీ నమస్కారం. ఈరోజు మనం మాట్లాడుకునేది "అకు నో హన" అనే యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్ గురించి. దానికి ముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను.

కిందటి వేసవిలో మా అమ్మ మల్లెపూల మాల కడుతుంటే ఫోన్‌లో వీడియో తీశాను. రోటోస్కోపింగ్ అంటే ఏమిటో మా విద్యార్థులకు చేసి చూపించాలని. రెండు సెకన్ల ముక్క తీసుకుని, ట్యాబ్లెట్ మీద ఒక్కో ఫ్రేమ్ పెట్టుకుని, పైన గీత గీశాను. సెకనుకు 12 బొమ్మలు, మొత్తం 24. గీస్తుంటే తెలిసింది, ముడి బిగించే ముందు అమ్మ చిటికెన వేలు కొంచెం పైకి లేస్తుందని. ఇన్నేళ్లలో ఎప్పుడూ గమనించలేదు.

చిక్కంతా ముడతల దగ్గర వచ్చింది. వీడియోలో ఉన్న ముడతలన్నీ గీస్తే, బొమ్మ ఆడించినప్పుడు చేతి మీద చీమలు పాకుతున్నట్టు గీతలు వణుకుతున్నాయి. అన్నీ వదిలేస్తే అది పాతికేళ్ల అమ్మాయి చెయ్యి అయిపోయింది. చివరికి నాలుగైదు ఉంచాను. అమ్మకు చూపించాను. వీడియో చూసి "బాగా వచ్చిందిరా" అంది. బొమ్మ చూసి మాత్రం కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ముడతలు ఎందుకు గీశావు?" అంది.

అవే ముడతలు వీడియోలోనూ ఉన్నాయి, ఇంకా ఎక్కువే ఉన్నాయి. వాటిని వీడియోలో ఎందుకు పడనిచ్చావని అడగలేదు. కెమెరాలో పడినదాన్ని మనం ఎవరికీ అంటగట్టం, అది అలా పడిందంతే. గీతను మాత్రం ఒక మనిషి కావాలని గీస్తాడు. అందుకే గీసినవాణ్ణి నిలదీస్తాం.

2013 ఏప్రిల్‌లో జపాన్ టీవీలో "అకు నో హన" మొదలైనప్పుడు ప్రేక్షకులు దర్శకుణ్ణి నిలదీసింది సరిగ్గా ఇదే ప్రశ్నతో. దానికి మూలం షుజో ఒషిమి రాసి గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. ఒక చిన్న పట్నంలో చదువుకునే కుర్రాడు, తకావో కసుగా. ఫ్రెంచ్ కవి బోదలేర్ కవితల పుస్తకం చేత్తో పట్టుకుని తిరుగుతూ, తాను అందరిలాంటివాణ్ణి కానని నమ్ముతుంటాడు. ఒకరోజు ఖాళీ తరగతి గదిలో తాను ఆరాధించే సయెకి అనే అమ్మాయి జిమ్ బట్టల సంచి కనిపిస్తుంది. ఆ క్షణంలో ఏమైందో ఏమో, దాన్ని తీసుకుని పారిపోతాడు. వెనక బెంచీలో కూర్చునే నకమురా అనే అమ్మాయి అది చూస్తుంది. ఇక అక్కడి నుంచి కసుగా ఆమె గుప్పిట్లో ఉంటాడు.

ఈ కథ లైవ్ యాక్షన్‌కే, అంటే నటులతో తీయడానికే తగినదని దర్శకుడు హిరోషి నగహమ మొదట్లో అన్నారు. "ముషిషి" అనే యానిమేని ఎంతో సుకుమారంగా తెరకెక్కించిన దర్శకుడాయన, అందమైన గీత తెలియక అన్న మాట కాదు. చివరికి రోటోస్కోపింగ్ ఎంచుకున్నారు. మూలకర్త ఒషిమి దానికి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. నటులతో మొత్తం చిత్రీకరించి, ఆ ఫుటేజ్ మీద బొమ్మలు గీయించారు. ఒషిమి సొంత ఊరు, పట్టు నేతకు పేరున్న గున్మా ప్రాంతపు కిర్యూ. కథలోని పట్నానికి ఆ ఊరే మూలం, తెరమీద కనిపించేవీ ఆ వీధులే.

రోటోస్కోపింగ్ అంటే పని తప్పించుకునే దారి అనే మాట అప్పుడూ వినిపించింది, ఇప్పుడూ వినిపిస్తుంది. మాక్స్ ఫ్లైషర్ 1915లో దీని పేటెంట్‌కి దరఖాస్తు చేసిన నాటి నుంచీ ఉన్న అపవాదు ఇది. ఒక సిరీస్‌ని ముందు సినిమాగా తీసి, మళ్లీ బొమ్మలుగా గీయడంలో పని తగ్గదు. దాని మీద ఇంతకంటే చెప్పను.

అసలు గొడవ ముఖం దగ్గర. మాంగా చదివినవాళ్ల మనసులో నకమురా ముఖం అప్పటికే ఉంది. పదునైన కళ్లు, చిన్న గడ్డం, కోపంలోనూ చూడబుద్ధేసే ముఖం. తెరమీద కనిపించింది మన పక్కింట్లో ఉండగలిగే ఒక మామూలు అమ్మాయి. దూరం నుంచి చూపించే షాట్లలో కళ్లూ ముక్కూ కూడా మాయమై, ముఖం ఖాళీగా మిగిలేది. అప్పటిదాకా ప్రేమించిన ముఖాన్ని ఎవరో తుడిచేశారనిపించింది వాళ్లకు.

మనం అందమైన అమ్మాయిని చూస్తే "బాపు బొమ్మలా ఉంది" అంటాం. ఒక్కసారి ఆలోచించండి, అక్కడ మనిషికి కొలత బొమ్మే. గీత ముందు, మనిషి తర్వాత. మాంగా పాఠకుడికీ అంతే. నగహమ దాన్ని తిరగేసి, మనిషిని ముందు నిలబెట్టి బొమ్మను ఆ మనిషి కొలతలకు తెచ్చారు. బాపు గారి సీత చోట ఫొటో చూసి గీసిన ముఖం పెడితే మనలో ఎంతమంది ఊరుకుంటాం? అందుకే కోప్పడ్డవాళ్లను కళ తెలియనివాళ్లని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. వాళ్లు పోగొట్టుకున్నది నిజంగానే విలువైనది.

మనిషికి బాగా దగ్గరగా వచ్చి, పూర్తిగా మనిషి కాని రూపాన్ని చూస్తే ఒళ్లు జలదరిస్తుందని రోబోల గురించి మసహిరో మోరి 1970లో ఒక మాట చెప్పారు. చాలామంది "అకు నో హన" మీద వచ్చిన వ్యతిరేకతను దానితోనే వివరిస్తారు. కొంతవరకు నిజమే గానీ, అది సరిపోదు. 2015లో షుంజి ఇవాయ్ తన పాత సినిమాలోని హనా, అలిస్ పాత్రలతోనే, వాళ్లు కలుసుకున్న రోజుల కథని రోటోస్కోపింగ్‌లో తీశారు. 2004 నాటి సినిమాలో నటించిన ఇద్దరే గొంతు ఇచ్చారు. అక్కడ ఈ స్థాయి కోపం లేదు. ఎందుకంటే ప్రేక్షకుల మనసులో అంతకుముందు ఉన్నది మనుషుల ముఖమే, దానికి పోటీగా గీసిన ముఖం లేదు. 2019లో వచ్చిన కెంజి ఇవైసవా సినిమా "ఒంగకు" ఇంకా మంచి ఉదాహరణ. ఏడేళ్లకు పైగా కష్టపడి 40,000కు పైగా బొమ్మలు చేత్తో గీశారు. కదలికలు నటులవి, ముఖాలు మాత్రం దాని మూల మాంగాలోని ఆ సాదా ముఖాలే. దాన్నీ జనం అక్కున చేర్చుకున్నారు. కదలికను మనిషి దగ్గర నుంచి తీసుకుంటే ప్రేక్షకుడికి ఇబ్బంది లేదు. మనసులో ఉన్న ముఖం మారిస్తేనే బాధ.

మరి నగహమ మాంగాలోని ముఖాన్ని వదిలేయకుండా ఉండాల్సిందా? నా మట్టుకు నాకు, ఉండకూడదనే అనిపిస్తుంది.

యానిమేలో సిగ్గుకూ భయానికీ తయారుగా గుర్తులుంటాయి. బుగ్గ మీద ఎర్ర గీతలు, నుదుటి పక్కన పెద్ద చెమట చుక్క. చూడగానే మనకు అర్థమవుతుంది, అర్థమైంది కాబట్టి నిశ్చింతగా ఉంటాం. ఈ సిరీస్‌లో ఆ గుర్తులు దాదాపు లేవు. "ముఖాల్లో భావమే లేదు" అని చాలామంది అన్నారు. ఆ సంచి తీసుకున్న తర్వాత కసుగా నడక చూడండి. భుజాలు ముందుకు పడి ఉంటాయి, మెడ బిగుసుకుని ఉంటుంది. తప్పు చేసి ఇంటికి వెళ్లే పిల్లాడి టెన్షన్ అంతా వీపులో ఉంది. ఆ కథకు కావాల్సింది ఆ సిగ్గే. తాను ప్రత్యేకం అనుకునే కుర్రాడు మామూలువాడని తేలిపోవడమే కదా కథ. అతన్ని అందంగా గీస్తే ప్రత్యేకంగానే కనిపిస్తాడు, అతని భ్రమను మనమూ పంచుకుంటాం.

లోపాలు లేవని నేననను. కొన్ని చోట్ల ముఖం ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ జారిపోతుంది. మాట్లాడుతున్న నోరు ఒక్కోసారి ముఖం మీద అతికించినట్టుంటుంది. ఆ షాట్లు చూస్తే నాకు మా అమ్మ చేతి మీద పాకిన గీతలే గుర్తొస్తాయి. ఏ గీత ఉంచాలి, ఏది తీసేయాలి అన్న నిర్ణయం ప్రతి బొమ్మకూ మళ్లీ కొత్తగా తీసుకోవాలి. వారానికో ఎపిసోడ్ చొప్పున టీవీకి ఇస్తూ అది నిలకడగా చేయడం ఎంత కష్టమో, 24 బొమ్మలకే నాకు తెలిసొచ్చింది.

13 ఎపిసోడ్లతో మొదటి భాగం ముగిసింది. చివరి ఎపిసోడ్‌లో రాబోయే సంఘటనలు మెరుపుల్లా చూపించారు. రెండో భాగం రాలేదు. మాంగా 2014లో 11 సంపుటాలతో పూర్తయింది. ఇప్పుడెవరైనా మొదలుపెట్టినా, అప్పటి నటుల వయసు దాటిపోయింది, ఆ కసుగా, ఆ నకమురా మళ్లీ దొరకరు. నాకు దీని మీద నిజమైన బెంగ ఉంది.

ఇప్పుడు ఎనిమిదో ఎపిసోడ్ మొదట్లోని నడక చూద్దాం. రాత్రివేళ తరగతి గదిని ధ్వంసం చేసి, కసుగా, నకమురా ఇళ్లకు నడిచి వెళ్తారు. నిమిషాల తరబడి మాటల్లేవు. చూశాక మాట్లాడుకుందాం. నచ్చనివాళ్లు ముందు మాట్లాడాలని నా కోరిక. ఎక్కడ, ఏ షాట్ దగ్గర మనసు విరిగిందో చెప్పండి, అక్కడ ఆపి మళ్లీ చూద్దాం.